రాయచూరు, 1520: అన్ని ఫిరంగులుండీ ఆదిల్‌షా ఎందుకు ఓడిపోయాడు?

కృష్ణదేవరాయల గురించి మాట్లాడాల్సి వస్తే మనం భువనవిజయంతో మొదలుపెట్టి అష్టదిగ్గజాల దగ్గర ఆగిపోతాం. యుద్ధాల సంగతి అడిగితే "ఎన్నో గెలిచాడు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. ఎలా గెలిచాడు, ఏ పూట ఏం చేశాడు, అవతలివాడు ఎక్కడ దెబ్బతిన్నాడు అన్నది మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు. నాకైతే ఆయన యుద్ధాలన్నిటిలోకీ రాయచూరు యుద్ధమే విప్పి చూడాల్సిన ముడి. ఒకవైపు విజయనగరం: గుర్రాలు, ఏనుగులు, లెక్కలేనంత కాల్బలం. మరోవైపు బీజాపూర్ సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్‌షా: కందకాల వెనక వరుసగా నిలబెట్టిన వందల ఫిరంగులు. ఇది జరిగిన ఆరేళ్లకే, 1526లో, పానిపట్టు దగ్గర బాబరు ఫిరంగులు, తుపాకులతో ఏనుగుల దండును చిత్తు చేశాడు. మరి రాయచూరులో ఫలితం తలకిందులుగా ఎందుకొచ్చింది?

"రాయల సైన్యం పెద్దది, అందుకే గెలిచింది" అనేది అందరూ చెప్పే జవాబు. ఆ జవాబుతో నాకు పేచీ ఉంది. యుద్ధం మొదలైన కొద్దిసేపటికే ఆ పెద్ద సైన్యం ముందువరుస విరిగిపోయి వెనక్కి పరిగెత్తింది. సంఖ్యే గెలిపించేదైతే ఆ క్షణం రాకూడదు. ఆ క్షణం తర్వాత ఏం జరిగిందన్న దాంట్లోనే అసలు విషయం ఉంది.

ముందు ఆధారాల సంగతి. ఈ యుద్ధం గురించి ఎక్కువ వివరం ఇచ్చినవాడు ఫెర్నావ్ నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి. 1530ల మధ్యలో, అంటే యుద్ధం అయిన పదిహేనేళ్లకు, విజయనగరంలో ఉండి రాశాడు. యుద్ధానికి వెళ్లొచ్చినవాళ్ల మాటలు అతని చెవిన పడే అవకాశం ఉంది, రాయల పక్షం అభిమానమూ ఉంది. రెండోవాడు ఫెరిష్తా. దాదాపు ఎనభై, తొంభై ఏళ్ల తర్వాత బీజాపూర్ ఆస్థానంలో కూర్చుని రాసిన చరిత్రకారుడు, కాబట్టి ఓడిన పక్షం కథ అతని దగ్గర దొరుకుతుంది. ఇద్దరి లెక్కలకూ పొంతన కుదరదు. నూనిజ్ ప్రకారం ఆదిల్‌షా వెంట 18 వేల గుర్రాలు, లక్షా ఇరవై వేల కాల్బలం, 150 ఏనుగులు. ఫెరిష్తా ప్రకారం సుల్తాను వెంట ఉన్నది ఏడు వేల గుర్రపు దండు మాత్రమే. ఓడినవాడు తన బలాన్ని తగ్గించి చెప్పుకోవడం, గెలిచినవాడి వైపు మనిషి శత్రువు బలాన్ని పెంచి చెప్పడం ఎప్పుడూ ఉండేదే. తేదీ విషయంలో కూడా నూనిజ్ 1522 అని రాశాడు కానీ, అమావాస్య, శనివారం అని అతనే ఇచ్చిన వివరాలను సరిచూసి చరిత్రకారులు 1520 మే 19 అని తేల్చారు.

ఇక చోటు. కృష్ణ ఉత్తరాన, తుంగభద్ర దక్షిణాన, మధ్యలో రాయచూరు అంతర్వేది. రాయచూరు, ముద్గల్ కోటలు ఎవరి చేతిలో ఉంటే ఈ నేల వాళ్లది. బహమనీలకూ విజయనగరానికీ నూటయాభై ఏళ్లకు పైగా ఇక్కడే కొట్లాట. బహమనీ రాజ్యం ముక్కలైపోయాక ఆ తగాదా బీజాపూర్ ఆదిల్‌షాహీలకు వారసత్వంగా వచ్చింది. అంతకు చాలా ముందు, కాకతీయుల కాలంలో, గోన గన్నారెడ్డి పాలనలో ఈ కోట గోడలు కట్టించారు. 1294 నాటి తెలుగు శాసనం ఇప్పటికీ ఆ గోడలోనే, నలభై అడుగులకు పైగా పొడవున్న ఒకే రాతిపలక మీద ఉంది. అటువైపు వెళ్లిన తెలుగువాళ్లు ఆ పలకను తప్పక చూసి రావాలి.

రాయచూరు ఎవరి చేతిలో ఉందన్నది పరువుకు సంబంధించిన విషయమే కాదు. కోట బీజాపూర్ చేతిలో ఉంటే వాళ్ల దండు కృష్ణ దాటి తుంగభద్ర ఒడ్డుదాకా ధీమాగా రావచ్చు, విజయనగరం ఆ నదికి అవతలి ఒడ్డునే. విజయనగరం చేతిలో ఉంటే పోరంతా కృష్ణ ఒడ్డునే ఆగిపోతుంది. అంతకుముందు విజయనగరాన్ని ఏలిన సాళువ నరసింహరాయలు చనిపోతూ, తాను గెలవలేకపోయిన కోటలను మీరు గెలవాలి అని అప్పజెప్పిన వాటిలో రాయచూరు, ఉదయగిరి ఉన్నాయని నూనిజ్ రాశాడు.

రాయల వ్యూహం ఇక్కడే మొదలవుతుంది, యుద్ధభూమిలో కాదు. 1509లో గద్దెనెక్కినప్పుడు ఆయనకు తూర్పున కళింగాన్ని ఏలే గజపతులు, ఉత్తరాన దక్కన్ సుల్తానులు, ఇంట్లో లొంగని సామంతులు. ఇందరితో ఒకేసారి పెట్టుకుంటే ఎవరికైనా నడుము విరుగుతుంది. ఆయన వరస చూడండి. ముందు శివనసముద్రం వైపు సామంతులను లొంగదీశాడు. తర్వాత గజపతుల మీదికి వెళ్లి 1514లో ఉదయగిరి, 1515లో కొండవీడు పట్టాడు, అక్కణ్ణుంచి కొండపల్లి, సింహాచలం. చివరికి గజపతితో సంధి, సంబంధం. కళింగం వైపు నుంచి వెన్నుపోటు భయం పూర్తిగా పోయాకే కృష్ణ వైపు తిరిగాడు. పదేళ్లు రాయచూరు అక్కడే ఉంది, ఆయనా ఇక్కడే ఉన్నాడు, కానీ తొందరపడలేదు. నా దృష్టిలో యుద్ధంలో సగం అక్కడే గెలిచాడు.

ఇంకో సగం గుర్రాలది. దక్కన్ వాతావరణంలో మంచి యుద్ధాశ్వాలు పుట్టవు, పుట్టినా నిలవవు. అరేబియా, పర్షియా నుంచి హోర్ముజ్ రేవు మీదుగా ఓడల్లో రావాల్సిందే. 1510లో పోర్చుగీసువాళ్లు గోవాను బీజాపూర్ చేతిలోంచి లాక్కున్నాక ఆ వ్యాపారపు తాళంచెవి వాళ్ల చేతికి వెళ్లింది. దూరదేశాల నుంచి ఏనుగులు, గుర్రాలు తెచ్చే వర్తకులకు ఊళ్లూ ఇళ్లూ ఇచ్చి, రోజూ దర్శనమిచ్చి, మంచి లాభం ముట్టజెప్పి మనవాళ్లను చేసుకోవాలి, లేకపోతే ఆ సరుకు శత్రువు చేతికి పోతుంది అని రాయలే ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగంలో చెప్పాడు. కవిత్వం మధ్యలో ఇంత ఖచ్చితమైన సైనిక బుద్ధి ఉన్నందుకు నాకు ఆ పద్యమంటే ప్రత్యేకమైన ఇష్టం.

యుద్ధానికి సాకు దొరికింది కూడా గుర్రాల దగ్గరే. నూనిజ్ కథనం ప్రకారం రాయలు సయ్యద్ మరైకాయర్ అనే నమ్మకస్తుడికి 40 వేల వరహాలు ఇచ్చి, గోవాలో గుర్రాలు కొనుక్కురమ్మని పంపాడు. అతను ఆ డబ్బుతో గోవా పక్కనున్న పోండాకు, అక్కణ్ణుంచి ఆదిల్‌షా దగ్గరికి పారిపోయాడు. మనిషినీ డబ్బునూ అప్పగించమని రాయలు అడిగాడు, ఆదిల్‌షా అప్పగించలేదు. దొంగను దాచినవాడు సంధి తప్పినట్టే అన్నది రాయల వాదన. అదే మాట మిగతా దక్కన్ సుల్తానులకు కూడా ఉత్తరాలు రాయించాడు. ఈ ఉత్తరాలు చాలా ముఖ్యం. సుల్తానులందరూ ఒకటైతే ఏమవుతుందో నలభై ఐదేళ్ల తర్వాత, విజయనగరం ఓడి కూలిపోయిన రాక్షసి తంగడి యుద్ధంలో తెలిసింది. 1520లో మాత్రం ఇస్మాయిల్ ఆదిల్‌షా ఒంటరిగా నిలబడాల్సి వచ్చింది.

దండు కదిలింది. నూనిజ్ ఒక్కో నాయకుడి పేరూ, అతని వెంట వచ్చిన బలమూ విడివిడిగా చెప్పుకుంటూ వెళతాడు. కామా నాయకుడు, త్రియంబకరావు, తిమ్మప్ప నాయకుడు, అడపా నాయకుడు, కొండమరెడ్డి, ఇలా. మొత్తం కలిపితే 7 లక్షల 3 వేల కాల్బలం, 32,600 గుర్రాలు, 551 ఏనుగులు. కాల్బలం లెక్క నేను నమ్మను. అంతమందికి మే నెల ఎండలో ఆ నేల మీద తిండీ నీళ్లూ పెట్టడం ఎవరి తరమూ కాదు. గుర్రాలు, ఏనుగుల సంఖ్య మాత్రం నమ్మదగ్గట్టే ఉంది. అంకెలకన్నా ఆ సైన్యం నడిచిన తీరు నన్ను ఎక్కువ ఆకట్టుకుంటుంది. ముందు కొన్ని ఆమడల దూరం వేగులు జల్లెడ పడుతూ వెళ్లడం, తోలు తిత్తులతో నీళ్లు మోసేవాళ్లే 12 వేలమందిని దారి పొడవునా నిలబెట్టడం, ప్రతి మజిలీలో పూర్తి అంగడి వెలవడం. మధ్యయుగపు యుద్ధాల్లో సగం సైన్యాలు శత్రువును చూడకముందే దాహంతో, ఆకలితో కరిగిపోయేవి. రాయల దండు రాయచూరు చేరేసరికి చెక్కుచెదరలేదు.

కోట ముట్టడి సులువుగా సాగలేదు. మూడు వరుసల రాతిగోడలు, లోపల ఎనిమిది వేలమంది కావలి, రెండు వందల పెద్ద ఫిరంగులు ఉన్నాయని నూనిజ్ అంటాడు. రాయల దగ్గర గోడల్ని బద్దలు కొట్టే ఫిరంగి బలం లేదు. అందుకని మనుషులే పలుగులు, గునపాలు పట్టుకుని గోడ మొదటికి వెళ్లి రాళ్లు పీకాలి. పీకిన రాయి పరిమాణాన్ని బట్టి నాయకులు డబ్బు ఇచ్చేవారట. పైనుంచి బాణాలు, రాళ్లు, తుపాకి గుండ్లు పడుతుంటే కింద మనుషులు రాయికింత అని ప్రాణాలు పణంగా పెట్టారు. ఆ సన్నివేశం తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది. గోడలకు సున్నం వాడకుండా రాయి మీద రాయి పేర్చి లోపల మట్టి దట్టించారు కాబట్టి, రాళ్లు ఊడదీయడం అసలు సాధ్యమైంది.

ముట్టడి దాదాపు మూడు నెలలు సాగాక ఆదిల్‌షా కృష్ణ ఉత్తరపు ఒడ్డుకు వచ్చాడన్న కబురు అందింది. ఇక్కడ ఇద్దరి ఎదుటా ఒకే ప్రశ్న: నది ఎవరు దాటాలి? నది దాటినవాడికి వెనక నీళ్లు ఉంటాయి. గెలిస్తే ఫరవాలేదు, ఓడితే ఆ నీళ్లే గోడ. అంటే ఆదిల్‌షా ఉత్తరపు ఒడ్డునే ఉండి, రేవుల మీద ఫిరంగులు ఎక్కుపెట్టి, "దమ్ముంటే నువ్వు దాటు" అని కూర్చుని ఉండొచ్చు. అలా కూర్చుంటే మాత్రం రాయచూరు పోతుంది. కోటలోవాళ్లు ఎదురుచూస్తున్నది అతని కోసమే. అదీ ముట్టడిలో ఉన్న బలం. రాయలు కోటను చుట్టుముట్టి, ఆదిల్‌షాను తనకు అనువుకాని చోటికి రప్పించాడు.

ఆదిల్‌షా దాటాడు. ఎందుకు దాటాడన్న దానికి ఫెరిష్తా చెప్పే కారణం మద్యం. సుల్తాను తాగిన మత్తులో తన సలహాదారుల మాట వినకుండా తెప్పల మీద దాటించాడని. నూనిజ్ చెప్పేది వేరు: అతని ధీమా అంతా ఫిరంగుల మీద ఉందని. నాకు రెండోదే సబబనిపిస్తుంది. దాటిన తర్వాత అతను చేసిన పనులు మత్తులో ఉన్నవాడివి కావు. నీళ్లకు ఇబ్బంది లేకుండా నదికి దగ్గరగా పాళెం దింపాడు, చుట్టూ కందకం తవ్వించాడు, ఫిరంగులను ముందు వరుసలో నిలబెట్టాడు. ఓడిపోయిన రాజు మీద తాగుబోతుతనం రుద్దడం ఆస్థాన చరిత్రకారులకు తేలిక, ఎందుకంటే అప్పుడు సైన్యం తప్పు, వ్యూహం తప్పు ఒప్పుకోనక్కర్లేదు.

అతని ఆలోచన ఇది. రాయల సైన్యం పెద్దది, ఒక్కసారిగా మీదికి వస్తుంది. వచ్చినప్పుడు ఫిరంగులన్నీ ఒకేసారి పేల్చాలి. ఆ ఒక్క దెబ్బకు గుర్రాలూ ఏనుగులూ బెదిరి, వెనకవాళ్ల మీద పడి, ఎంత పెద్ద సైన్యమైతే అంత పెద్ద గందరగోళం అవుతుంది. కాగితం మీద ఈ ఆలోచనలో తప్పేమీ లేదు. ఒక్కటి తప్ప: రాయలు మొత్తం సైన్యాన్ని ఒకేసారి పంపుతాడన్న నమ్మకం.

రాయల దండు ఎదురుగా చేరింది. మరునాడు శుక్రవారం. ఆ రోజు మంచిది కాదు, శనివారం దాకా ఆగుదామని నాయకులు బతిమాలారు, రాయలు సరేనన్నాడు. దీన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేయకండి. ప్రాణాలివ్వబోయే మనిషికి ఇది మంచిరోజు అన్న నమ్మకం చిన్న సంగతి కాదు, దాన్ని కాదని పోరాటానికి తోస్తే మొదటి దెబ్బకే "అనుకున్నాం" అంటారు. పైగా నడిచొచ్చిన సైన్యానికి ఒక రోజు విశ్రాంతి దొరికింది. శనివారం తెల్లవారుతుండగా భేరీలు మోగాయి. సైనికులు ఇక చూస్తామో లేదో అన్నట్టు ఒకరినొకరు కౌగిలించుకుని వీడ్కోలు చెప్పుకున్నారని నూనిజ్ రాశాడు.

వెలుగు రాగానే ముందున్న రెండు దళాలు దూకాయి. మొదటి ఊపులో కందకాల దాకా వెళ్లాయి. అప్పుడు ఆదిల్‌షా ఫిరంగులన్నీ ఒకేసారి పేలాయి. గుంపుగా ఉన్న మనుషుల మీద, గుర్రాల మీద, ఏనుగుల మీద దగ్గరి నుంచి పడ్డ దెబ్బ అది. ముందువరుస తట్టుకోలేకపోయింది, వెనక్కి తిరిగింది. పారిపోతున్నవాళ్లను చూసి బీజాపూర్ దళాలు కందకాలు దాటి బయటికొచ్చి తరుముకున్నాయి. అరామడ దూరం వెంటపడి నరికారు.

ఇక్కడ కాసేపు ఆగి ఆ ఫిరంగుల దగ్గరికి వెళ్దాం. ఆ కాలపు పెద్ద ఫిరంగి ఒకసారి పేలిందంటే మళ్లీ పేల్చడానికి చాలా తతంగం ఉంది. గొట్టం తుడవాలి, లోపల నిప్పురవ్వ మిగల్లేదని చూసుకోవాలి, మందు కూరాలి, దట్టించాలి, గుండు దించాలి, వెనక్కి తన్నుకున్న బండిని మళ్లీ ముందుకు తోసి గురి సరిచూడాలి. నిమిషాలు పడుతుంది. గుర్రం దౌడు తీస్తే మూడు, నాలుగు నిమిషాల్లో మైలుకు దగ్గరగా వచ్చేస్తుంది. అందుకే ఫిరంగులను వంతులవారీగా పేల్చాలి, కొన్ని పేలుతుంటే కొన్ని నింపుకోవాలి. అన్నీ ఒకేసారి పేల్చడమంటే చేతిలో ఉన్న డబ్బంతా మొదటి పందెం మీదే పెట్టేయడం. ఆ తర్వాత కాసేపు ఆదిల్‌షా దగ్గర ఉన్నది ఇనుప గొట్టాలు మాత్రమే.

దానికి తోడు రెండో పొరపాటు: తరమడం. తరమడానికి బయటికొచ్చిన బీజాపూర్ సైన్యం కందకం అనే రక్షణను వదులుకుంది. అంతకన్నా ఘోరం ఏమిటంటే, వాళ్లు తమ ఫిరంగులకూ శత్రువుకూ మధ్యకు వచ్చేశారు. ఇప్పుడు ఫిరంగులు నింపుకున్నా పేల్చడానికి లేదు, ముందున్నది తమవాళ్లే. వరుసలు చెదిరాయి, గుర్రాలు అలిసిపోయాయి, ఎవరి వెంట ఎవరు పడుతున్నారో వాళ్లకే తెలియదు. గెలిచామన్న ఊపులో ఉన్న సైన్యానికి ఇంతకన్నా ప్రమాదకరమైన స్థితి ఉండదు.

సరిగ్గా ఆ వేళ రాయల చేతిలో ఇంకా వాడని రెండో వరుస ఉంది. దానికి ఆయనే స్వయంగా నాయకుడు. విజయనగర యాత్రాక్రమంలో రాజు వెంట ఉండే దళం ఏరికూర్చినది, మంచి గుర్రాలు, నమ్మకమైన మనుషులు. ముందువాళ్లు పరిగెత్తుకొస్తున్నారు, మామూలుగా ఇలాంటప్పుడు జరిగేదేమిటంటే పారిపోయేవాళ్లు వెనకవరుసలోకి చొచ్చుకొచ్చి దాన్ని కూడా చెదరగొట్టేస్తారు. చాలా యుద్ధాలు శత్రువు కత్తికన్నా ఈ తొక్కిసలాటలోనే పోయాయి. రాయలు చేసిన పని కఠినమైంది: వెన్నిచ్చి పారిపోతున్న తనవాళ్లను దయ లేకుండా నరకమన్నాడు. మెచ్చుకోవడానికి మనసొప్పదు. రెండో వరుసను కాపాడింది ఆ ఆజ్ఞే అన్న సంగతి కూడా దాచలేం.

తర్వాత తన ఉంగరం తీసి పక్కనున్న పరిచారకుడికి ఇచ్చాడు, తాను పోతే రాణులకు గుర్తుగా చూపించమని. గుర్రమెక్కి, మిగిలిన దళాలన్నిటినీ వెంటబెట్టుకుని దూకాడు. ఉంగరం సంగతిని మనవాళ్లు వీరగాథలా చెప్పుకుంటారు, చెప్పుకోవాల్సిందే. యుద్ధ పరంగా దాని విలువ ఇంకోలా ఉంది. విజయనగర సైన్యం అమరనాయకుల సైన్యం, అంటే రాజు ఇచ్చిన భూమికి బదులు సైన్యాన్ని పోషించే నాయకులది, ఒక్కో నాయకుడి దళం ఒక్కో చిన్న దండు. ఎవరికి వాళ్లు తమ దళాన్ని మిగుల్చుకుందామని చూసుకుంటే అంతా కూలుతుంది. రాజు చావుకు సిద్ధపడ్డాడన్న సంగతి కళ్లెదుట కనపడితే, వెనక నిలబడి లెక్కలేసుకునే అవకాశం ఏ నాయకుడికీ ఉండదు.

చెల్లాచెదురుగా తరుముకొస్తున్న బీజాపూర్ గుర్రాలకు ఒక్కసారిగా కట్టుగా వస్తున్న తాజా సైన్యం ఎదురైంది. నిలవలేకపోయారు. తిరిగి కందకాల వైపు పరిగెత్తారు, కానీ రాయల మనుషులు వాళ్లతో కలగలిసిపోయి పాళెంలోకి చొరబడ్డారు. ఫిరంగిదళం ఎవరి మీద పేల్చాలి? పేల్చలేక వదిలేసి పారిపోయారు. పాళెం పోయాక మిగిలింది వెనకనున్న కృష్ణ. మే నెలలో నదిలో నీళ్లు తక్కువే అయినా, వేలమంది ఒకే రేవు మీద పడితే నీటి లోతుతో పనిలేదు. నది ఒడ్డున, నదిలో జరిగిన సంహారం మామూలుది కాదని నూనిజ్ చెబుతాడు. ఆదిల్‌షా ఏనుగెక్కి తప్పించుకున్నాడు. నూనిజ్ ప్రకారం అతన్ని దాటించినవాడు అతని సేనాని అసద్ ఖాన్ లారీ. ఫెరిష్తా ప్రకారం సుల్తాను వెంట బతికి అవతలి ఒడ్డు చేరినవాళ్లు పదిమంది కూడా లేరు. సలాబత్ ఖాన్ అనే సేనాని మాత్రం వెన్నివ్వకుండా పోరాడి, చివరికి బందీగా చిక్కాడు. అతని దళంలో 500 మంది పోర్చుగీసు కిరాయి సైనికులు కూడా ఉన్నారు.

నది దాటి వెంటాడదామని నాయకులు అడిగారు. రాయలు ఒద్దన్నాడు, ఇప్పటికే ఏ పాపమూ తెలియనివాళ్లు చాలామంది చనిపోయారన్నాడు. ఇది దయే కావచ్చు. కానీ ఎత్తుగడగా చూసినా సరైన నిర్ణయమే. వెనక రాయచూరు ఇంకా లొంగలేదు. నది దాటితే, కాసేపటి క్రితం ఆదిల్‌షా ఉన్న స్థితిలోకి తానే వెళ్లినట్టు. తన పక్షాన చనిపోయిన 16 వేలమందికి పైగా సైనికులకు దహనాలు చేయించాడు. చేజిక్కినవి 4 వేల హోర్ముజ్ గుర్రాలు, వంద ఏనుగులు, చిన్నవి కాక 400 పెద్ద ఫిరంగులు, వాటిని లాగే 900 బళ్లు అని నూనిజ్ లెక్క.

తర్వాత కోట మళ్లీ ముట్టడి. ఇక్కడ చిన్న సంఘటన ఒకటి జరిగింది, మొత్తం కథలో దానికి చాలా బరువుంది. గుర్రాలు అమ్మడానికొచ్చిన క్రిస్టోవావ్ దె ఫిగేరెదో అనే పోర్చుగీసువాడు, తుపాకులున్న ఇరవైమందితో, గోడ దగ్గర సాయం చేస్తానన్నాడు. అప్పటిదాకా కోటవాళ్లు గోడ మీద నిర్భయంగా నిలబడి కిందివాళ్లను కొట్టేవారు. ఈ ఇరవైమంది గురిచూసి, తల పైకెత్తినవాణ్ణల్లా కాల్చడం మొదలుపెట్టారు. గోడ పైభాగం ఖాళీ అయ్యింది. కింద పలుగులు పట్టినవాళ్లకు ఊపిరి పీల్చుకునే వీలు దొరికింది. జరుగుతున్నది చూద్దామని బయటికి వంగిన కోట అధిపతి నుదుటికి గుండు తగిలి చనిపోయాడు, మర్నాడు కోట లొంగిపోయింది. వెళ్లాలనుకున్నవాళ్లను సొత్తుతో సహా వెళ్లనిచ్చాడు రాయలు.

అంటే, ఒకే నెలలో, ఒకే చోట మందుగుండు గురించి రెండు రకాల సాక్ష్యం దొరికింది. వందల ఫిరంగులు ఓడిపోయాయి, ఇరవై తుపాకులు కోటను గెలిపించాయి. తేడా వాడిన తీరులో ఉంది. తుపాకులు పలుగుల పనికి కాపుగా నిలిచాయి, ఆ ఫిరంగులకు కాపుగా ఎవరూ నిలవలేదు. పానిపట్టులో బాబరు చేసింది సరిగ్గా ఇదే: బళ్లను తోలు తాళ్లతో కట్టి వరుస నిలిపాడు, వాటి వెనక తుపాకిదళం, మధ్యమధ్య గుర్రాలు బయటికి దూకడానికి ఖాళీలు, రెండు పక్కల నుంచి చుట్టుముట్టే రౌతులు. ఫిరంగి అక్కడ మొత్తం యంత్రంలో ఒక భాగం.

ఈ యుద్ధం నుంచి ఇద్దరూ వేర్వేరు సంగతులు నేర్చుకున్నారు, నాకు బాధ కలిగించేది అక్కడే. విజయనగరానికి గుర్రపుదాడి, సంఖ్యాబలం, రాజు తెగువ ఉంటే ఫిరంగులను గెలవొచ్చన్న ధీమా వచ్చింది. ఆదిల్‌షా సంధి అడిగితే, వచ్చి నా పాదం ముద్దు పెట్టుకోమని రాయలు కోరాడు. అతను రాకపోయేసరికి బీజాపూర్ దాకా వెళ్లాడు. కృష్ణదేవరాయల తెలివి మీద ఎంత గౌరవమున్నా, ఆ కోరిక మాత్రం అనవసరమైన గాయమనే నేను అంటాను. అన్నేళ్లు సుల్తానులను విడివిడిగా ఉంచిన మనిషి, వాళ్లందరికీ కలిపి గుర్తుండిపోయే అవమానం ఒకటి ఇచ్చాడు. ఓడినవాళ్లు మాత్రం ఎందుకు ఓడామో తరచి చూసుకున్నారు. కోటల బురుజులు మార్చుకున్నారు, వాటి మీద అటూఇటూ తిరిగే ఫిరంగులు ఎక్కించారు. 1529లో రాయలు కన్నుమూశాక, 1530లో అదే ఇస్మాయిల్ ఆదిల్‌షా రాయచూరునూ ముద్గల్‌నూ తిరిగి పట్టుకున్నాడు.

1565 జనవరిలో రాక్షసి తంగడి యుద్ధం మళ్లీ కృష్ణ దక్షిణపు ఒడ్డునే జరిగింది. ఈసారి సుల్తానులు ఒకటయ్యారు. నది దాటడం దగ్గరే మొదటి తేడా కనపడుతుంది: అప్పటి విజయనగర పాలకుడు రామరాయలు రేవును గట్టిగా కాపు కాస్తుంటే, సుల్తానుల సైన్యం ఒడ్డు వెంబడి మూడు రోజులు వేరే రేవు వెతుకుతున్నట్టు నడిచి, విజయనగర దండును అటు లాగి, రాత్రికి రాత్రి వెనక్కొచ్చి మొదటి రేవులోనే దాటేసింది. రెండో తేడా ఫిరంగుల దగ్గర. అహ్మద్‌నగర్ సేనాని రూమీ ఖాన్ 600 ఫిరంగులను మూడు వరుసలుగా నిలబెట్టాడని ఫెరిష్తా రాశాడు. ముందు పెద్దవి, వెనక మధ్యరకం, ఆ వెనక తేలికవి. వాటి ముందు రెండు వేలమంది విలుకాళ్లు నిలబడి, విజయనగర సైన్యం దగ్గరికి వచ్చేదాకా ఫిరంగులు కనపడకుండా బాణాలు వేస్తూ ఉండి, చివరి క్షణంలో పక్కకు తప్పుకున్నారు.